ప్రొపెల్లర్ తీసేస్తే సరిపోదర్రా

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాడిన ప్రొపెల్లర్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ బొమ్మ గీసి, ముక్కు మీద ప్రొపెల్లర్ చెరిపేసి, అక్కడో గుండ్రటి కన్నం పెట్టి "దీనికి జెట్ ఇంజన్ పెడితే ఎగురుతుందా తాతయ్యా?" అని అడిగారు. ఆ యుద్ధం చివరి రోజుల్లో, ఆ తర్వాతా పెద్ద పెద్ద ఇంజనీర్లు తలలు పట్టుకున్నది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే. కొందరు నిజంగానే చేసి ఎగరేశారు కూడా.

అసలు ప్రొపెల్లర్‌ని ఎందుకు వదులుకోవాలో ముందు చూడండి. స్పిట్‌ఫైర్ తొమ్మిదో రకానికి ప్రొపెల్లర్ ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు 3.28 మీటర్లు. నిమిషానికి 1,430 చుట్లు తిరుగుతుంది. లెక్క కట్టండి, దాని కొస సెకనుకు 245 మీటర్ల వేగంతో తిరుగుతున్నట్టు. విమానం గంటకు 650 కిలోమీటర్లతో ముందుకు పోతుంటే, రెండు వేగాలూ కలిసి ఆ కొస గాలిని సెకనుకు 300 మీటర్లకు పైగా కోస్తుంది. ఎనిమిది కిలోమీటర్ల ఎత్తున ధ్వని వేగం దాదాపు 308 మీటర్లే. అక్కడికి వచ్చేసరికి ఇంజన్ ఎంత గింజుకున్నా ఆ శక్తి గాలిని కుదిపేయడానికే పోతుంది, విమానాన్ని లాగదు. అందుకే జెట్ కావాల్సి వచ్చింది.

ఇక మీ కన్నం సంగతి. కావడి మోసే మనిషిని చూశారు కదా? భుజం మీద బద్ద, ముందో కుండ, వెనకో కుండ. విమానంలో ఆ భుజం రెక్క. ముందు కుండ ఇంజన్, వెనక కుండ తోక. ముందు కుండ విప్పేసి ఊరుకుంటే బద్ద వెనక్కి వాలిపోతుంది. అప్పుడు రెండే దారులు. ముందు అంతే బరువున్న మరో కుండ కట్టాలి, లేదా భుజాన్ని జరపాలి.

రష్యాలో యాకోవ్లెవ్ బృందం మొదటి దారి పట్టింది. యాక్-3 అనే ప్రొపెల్లర్ విమానం ముక్కులోంచి పిస్టన్ ఇంజన్ తీసేసి, అక్కడే జర్మనీ యూమో 004 నమూనాలో చేసిన జెట్ ఇంజన్ బిగించారు. దాని బరువు ఏడు వందల కిలోలకు కొంచెం పైన, పొడవు దాదాపు నాలుగు మీటర్లు. ప్రొపెల్లర్, రేడియేటర్, అందులో నీళ్లు పోయాయి కాబట్టి లెక్క సరిపోయింది. అదే యాక్-15. 1946 ఏప్రిల్ 24న ఎగిరింది.

జర్మనీ వాళ్లు మెస్సర్‌ష్మిట్ 262 అనే జెట్ యుద్ధవిమానానికి రెండో దారి పట్టారు. ఇంజన్లు అనుకున్నదానికన్నా బరువెక్కాయి. దాంతో రెక్కలనే వెనక్కి వాల్చి భుజాన్ని జరిపారు. ఆ వాలు ధ్వని వేగం కోసమని చాలామంది అనుకుంటారు. మొదట చేసింది మాత్రం బరువు కుదర్చడానికే.

మోసేవాడికి ఇంకో చిక్కు, కుండకు చిల్లి పడితే? దారి పొడుగునా నీళ్లు కారుతుంటే కావడి కాసేపు ఇటు, కాసేపు అటు వాలుతుంది. విమానానికి ఆ కారే కుండ ఇంధనపు ట్యాంకు. యూమో ఇంజన్ పూర్తి శక్తితో నడిస్తే గంటకు 1,200 కిలోలకు పైగా తాగేస్తుంది. అంత బరువు గాలిలోనే తరిగిపోతుంటే, ట్యాంకును భుజానికి వీలైనంత దగ్గరగా పెట్టాలి. తోకలో ఖాళీ కనిపించిందని అక్కడ ట్యాంకు గీశారో, సగం దారిలో ముక్కు బరువై కిందికి దిగుతుంది. యాక్-15 ఎంత నింపినా సుమారు 500 కిలోమీటర్లే పోగలిగేది.

బరువు కుదిరింది. వేడి మాటేమిటి? యాక్-15లో జెట్ మంట పైలట్ కూర్చున్న చోటుకు సరిగ్గా కింద బయటికి వస్తుంది. అందుకని పొట్ట కింద వేడిని తట్టుకునే స్టీలు రేకు తొడిగారు. తోక చక్రానికి రబ్బరు టైరు కాలిపోతుందని గట్టి ఉక్కు చక్రమే పెట్టారు. రెక్క ముందు దూలం ఇంజన్‌కు అడ్డొస్తుంటే దాన్ని ఇంజన్ పైనుంచి విల్లులా వంచారు. మీ బొమ్మలో ఈ మూడూ గీయండి. ఆ ఉక్కు చక్రం గీసినవాడికి విషయం తెలుసని చూడగానే అర్థమవుతుంది.

తోక చక్రం మీద కూర్చునే విమానానికి ఇంకో పెద్ద ఇబ్బంది ఉంది. ప్రొపెల్లర్ తిరగ్గానే తోక మీదికి గాలి కొడుతుంది, నెమ్మదిగా పోతున్నా పైలట్ తోకను లేపగలడు. జెట్‌కు ఆ గాలి లేదు. 1942 జూలై 18న జర్మనీలోని లైప్‌హైమ్‌లో ఫ్రిట్జ్ వెండెల్ అనే పైలట్ మెస్సర్‌ష్మిట్ 262ని రెండు జెట్‌లతోనే లేపబోతే తోక నేలను వదల్లేదు. గంటకు 180 కిలోమీటర్ల వేగంలో బ్రేకు మీద ఒక్కసారి అలా నొక్కాడు. ముక్కు వంగి, తోక లేచి, గాలి దొరికింది. ఎంత గుండె కావాలో చూడండి! తర్వాత ముక్కు కిందే చక్రం పెట్టారు. యాక్-15 తర్వాత వచ్చిన యాక్-17కి కూడా అలాగే మార్చారు. కాబట్టి మీ స్పిట్‌ఫైర్‌కు ముక్కు చక్రం గీయండి. ప్రొపెల్లర్ నేలకు తగులుతుందన్న భయం లేదు కదా, కాళ్లు కూడా పొట్టి చేయొచ్చు.

స్వీడన్ వాళ్ల సాబ్ 21కి ఇంజన్, ప్రొపెల్లర్ పైలట్ వెనకే ఉండేవి, రెండు కొయ్యల లాంటి తోకల మధ్య. జెట్‌కు ఇంతకన్నా అనువైన చోటు లేదనిపిస్తుంది. అయినా మంట దారిలో ఉందని అడ్డంగా ఉన్న తోక రెక్కను పైకి జరపాల్సి వచ్చింది. 1947 మార్చి 10న ఎగిరిన ఆ సాబ్ 21ఆర్‌లో ఉన్నది గోబ్లిన్ అనే జెట్ ఇంజన్. 1948లో మన వైమానిక దళానికి వచ్చిన వాంపైర్ జెట్‌లలోనూ అదే.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం అమెరికా నార్త్రప్ విమానం. తోకే లేని ఎక్స్‌బీ-35లో ప్రొపెల్లర్లు వెనక తిరుగుతూ విమానం పక్కలకు ఊగకుండా కూడా పట్టి ఉంచేవి. వాటిని తీసేసి జెట్‌లు పెట్టి వైబీ-49 చేసినప్పుడు, ఆ పని చేయడానికి నాలుగు నిలువు రెక్కలు అతికించాల్సి వచ్చింది. ప్రొపెల్లర్ చేసే పని లాగడం, తొయ్యడం మాత్రమే కాదన్నమాట.

మరి మీ స్పిట్‌ఫైర్ ఎగురుతుందా? స్పిట్‌ఫైర్ తయారుచేసిన సూపర్‌మెరైన్ కంపెనీ వాళ్లు దాని వారసుడు స్పైట్‌ఫుల్ రెక్కలు తీసుకుని, మధ్యలో నీన్ జెట్ ఇంజన్‌కు కొత్త ఒళ్లు కట్టి 1946 జూలై 27న అటాకర్ అనే జెట్ విమానాన్ని ఎగరేశారు. గమనించారా, పాత ఒంట్లో ఇంజన్ కుక్కలేదు. నీన్ అడ్డం దాదాపు 1.26 మీటర్లు. సన్నటి స్పిట్‌ఫైర్ ముక్కులో అది పట్టదు. యూమో లాంటి సన్నటి ఇంజన్ గీయండి, లేదా ఒళ్లు లావు చేయండి.

గీసే ముందు ఒక పని చేయండి. దళసరి అట్టతో ఆరు సెంటీమీటర్ల వెడల్పు రెక్క, సన్నటి ఒళ్లు, తోక కత్తిరించి అతికించండి. రెక్క ముందు అంచు నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల దగ్గర గీత గీసి, రెండు వైపులా ఆ గీత మీద వేళ్లు ఆనించి ఎత్తండి. తోక దిగితే నిలిచేదాకా ముక్కుకు బంకమట్టి అంటించండి. మెల్లగా విసరండి. ముక్కు పైకి లేచి ఆగి పడితే ఇంకాస్త మట్టి, నేరుగా నేలకు దిగితే కొంచెం తీసేయండి. బాగా ఎగిరాక ఆ మట్టి ముద్దనే రెక్క కిందికి జరిపి మళ్లీ విసరండి. ఏమైందో, తోకకు ఏం చేస్తే సరిపోయిందో ఉత్తరం రాయండి.

మీ తాతయ్య