“దేవుడు నాకు చూపించాడు” అంటే మనం పరీక్షించొచ్చా?

రాయగడలో మా పిన్ని ఇంట్లో శుక్రవారం కూడిక జరిగింది. వేరే ఊరి నుంచి వచ్చిన ఒక దైవజనుడు పిన్ని కొడుకు తల మీద చెయ్యి పెట్టి, “ఈ బిడ్డ చదువు మానేసి దేవుని సేవకు రావాలి, దేవుడు నాకు చూపించాడు” అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. పిన్ని మాత్రం కొంగు తల మీదికి లాక్కుని, “అయ్యగారూ, మేము కూడా ప్రార్థన చేసుకుని చెప్తామండి” అంది. మర్నాడు ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి మరీ అడిగారు, ప్రవచనాన్ని, అంటే దేవుడు చెప్పమన్నాడని చెప్పే మాటను, అనుమానించడం అవిశ్వాసం కాదా అని.

కాదు. పిన్ని చేసిన పని క్రైస్తవ సంఘం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. థెస్సలొనీకయులకు పౌలు ప్రవచనాలను తృణీకరించొద్దని రాసి, ఆ వెంటనే సమస్తాన్నీ పరీక్షించమన్నాడు. కొరింథులో ఇద్దరు ముగ్గురు ప్రవక్తలు మాట్లాడితే తక్కినవాళ్లు వివేచించాలన్నాడు, ఆ మాట నిజంగా దేవునిదేనా అని తేల్చుకోవాలన్నాడు. అంటే ఆ పని కూర్చుని వింటున్నవాళ్లది.

అపొస్తలుల తర్వాతి తరాల్లో ఊరూరా తిరిగే ప్రవక్తలు ఎక్కువయ్యారు, సంఘాలకు టెన్షన్ మొదలైంది. ఆ రోజుల్లో రాసుకున్న దిదాకే అనే చిన్న పుస్తకంలో నియమాలు ఎంత సూటిగా ఉన్నాయో చూడండి. వచ్చినవాణ్ణి ప్రభువులా చేర్చుకోండి, ఒక రోజు ఉండొచ్చు, అవసరమైతే రెండో రోజు కూడా, మూడో రోజు కూడా ఉంటే అబద్ధ ప్రవక్త. వెళ్లేటప్పుడు దారికి రొట్టె ఇవ్వండి, డబ్బడిగితే అబద్ధ ప్రవక్త. అదే ఇంకో బీదవాడి కోసం అడిగితే మాత్రం తప్పుపట్టొద్దు. చాలాకాలం కనిపించకుండా పోయిన ఈ పుస్తకం 1883లో అచ్చయింది, మన కొరాపుట్ వైపు జర్మనీ నుంచి బ్రెక్లం మిషనరీలు వచ్చిన మరుసటి ఏడాది.

రెండో శతాబ్దంలో ఫ్రుగియలో (ఇప్పటి టర్కీలో) మొంటానస్ అనే ఆయన తన నోట దేవుడే మాట్లాడుతున్నాడని చెప్పుకుని గొడవ రేగాక సంఘాలకు ప్రవచనమంటేనే జంకు పట్టుకుంది. ఐగుప్తు ఎడారిలోని సన్యాసులు మాత్రం వివేచనను ఇంకో వైపు తిప్పి, తమ మనసులోకి వచ్చే తలంపులనే పరీక్షించడం మొదలుపెట్టారు. నాకు బాగా దగ్గరైనది, తర్వాత జెసూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా అనుభవం. 1521లో యుద్ధంలో కాలు విరిగి మంచంలో ఉన్నప్పుడు ఆయన ఒకటి గమనించాడు: వీరుడిగా పేరు తెచ్చుకునే కలలు కాసేపు హాయిగా ఉండి తర్వాత మనసు ఎండిపోయేలా చేస్తున్నాయి, దేవుని కోసం బతకాలనే తలంపులు మాత్రం పోయాక కూడా మనశ్శాంతి మిగులుస్తున్నాయి. మనసు ఎండిపోయిన వేళ, అంతకుముందు తీసుకున్న నిర్ణయం మార్చొద్దని తర్వాత నియమం రాశాడు.

మన ఒడిశా జైపూర్ లూథరన్ సంఘాల్లో, పర్లాకిమిడి బాప్టిస్టు సంఘాల్లో పెద్దవాళ్లు ఏం విన్నా వాక్యంతో సరిచూసుకునేవారు. మా అమ్మమ్మ బైబిల్లో ఎర్ర పెన్సిల్ గీతలు ఇంకా ఉన్నాయి, ప్రసంగం వింటూనే ఆ వచనం తీసి చదివి గీసుకునేది. ఇప్పుడు ఫోన్లో రోజుకో ప్రవచనం వస్తోంది, చెప్పినాయన ఎవరో, ఎలా బతుకుతాడో చూసే వీలే లేదు.

పిన్ని మూడు వారాలు ప్రార్థన చేసింది, మా సంఘం అయ్యగారితో మాట్లాడింది. ఆ తర్వాత ఒక రాత్రి అన్నం పెడుతూ కొడుకుని అడిగింది, “నీకేమనిపిస్తోంది నాన్నా?” అని. అప్పటిదాకా వాణ్ణి ఆ మాట ఎవరూ అడగలేదు.