మార్కులు పగ్గం పట్టుకున్న పిల్లలకే: గుర్రపు షోమన్‌షిప్‌పై అపోహలు - వాస్తవాలు

వేసవి సెలవులు దగ్గరపడితే నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. "సార్, పాపను షోమన్‌షిప్‌కు పంపుదామనుకుంటున్నం. ఏ గుర్రం కొనాలె?" జడ్చర్ల అయినా, కొత్తకోట అయినా, నల్లగొండ అయినా ఇదే వరస. నేను నేర్పే షోమన్‌షిప్ అంటే గుర్రం ఎక్కకుండా, నేలమీద నిలబడి పగ్గం పట్టుకుని దాన్ని నడిపించి చూపించే పోటీ. పాపకు గుర్రం దగ్గర నిలబడటం అలవాటేనా అని అడిగితే, "గుర్రం మంచిదైతే అన్నీ అవే వస్తయి గద సార్" అంటారు. ఈ ఒక్క నమ్మకం వల్ల మా దిక్కు కుటుంబాలు పోగొట్టుకుంటున్న డబ్బు చూస్తుంటే మనసు ఆగదు. అందుకే ముందు దీని సంగతి తేల్చి, మిగతావి తర్వాత చెప్తాను.

అపోహ: ఖరీదైన, అందమైన గుర్రానికే బహుమతి వస్తుంది.

వాస్తవం: షోమన్‌షిప్‌లో గుర్రం రంగుకు, ఎత్తుకు, చెవుల వంపుకు, జాతికి మార్కులు లేవు. జడ్జి చూసేది పగ్గం పట్టుకున్న మనిషిని. గుర్రాన్ని ఎంత శుభ్రంగా, ఆరోగ్యంగా తయారుచేసి తెచ్చారు, ఇచ్చిన ప్యాటర్న్‌ను, అంటే వరుసగా చేయాల్సిన పనులను, ఎంత కచ్చితంగా చేయించారు అన్నదే లెక్క. నడిపించాలి, ట్రాట్ (నిదానపు పరుగు) చేయించాలి, చెప్పిన చోట ఆపాలి, వెనక్కి నడిపించాలి, ఉన్నచోటే తిప్పాలి, నాలుగు కాళ్లూ సమంగా నిలబెట్టి జడ్జికి చూపించాలి. అమెరికన్ క్వార్టర్ హార్స్ అసోసియేషన్ పద్ధతిలో ప్రతి పోటీదారుకూ లెక్క 70 దగ్గర మొదలవుతుంది. ఒక్కో పనికి ప్లస్ 3 నుంచి మైనస్ 3 దాకా కలుపుతారు లేదా తీసేస్తారు. తప్పులకు కోతలు వేరే. ఇందులో గుర్రం ధరకు చోటెక్కడ ఉంది?

ఈ పొరపాటు ఎక్కడినుంచి పుట్టిందో నాకు తెలుసు. మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా, రాజస్థాన్‌లోని పుష్కర్ గుర్రాల మేళాల వీడియోలు ఇప్పుడు ప్రతి ఫోన్‌లోనూ ఉన్నాయి. మేళాల్లో జరిగే జాతి పోటీల్లో గుర్రం ఒంటి తీరునే చూస్తారు. అక్కడ మనిషి పగ్గం పట్టుకోవడానికి మాత్రమే ఉంటాడు. రెండు పోటీల్లోనూ మనిషి నేలమీదే ఉంటాడు, పక్కన గుర్రం ఉంటుంది కాబట్టి చూసేవాళ్లకు రెండూ ఒకటే అనిపిస్తాయి. పైగా పెబ్బేరు సంతలో ఎడ్లను చూసి చూసి అలవాటైన కన్ను మనది. పళ్లు, గిట్టలు, సుడులు చూసి బేరం చేయడం వచ్చినవాళ్లకు, పశువును కాక మనిషిని చూసే పోటీ ఒకటి ఉంటుందంటే నమ్మబుద్ధి కాదు.

మా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం గురించి చెప్పాలి. పత్తి డబ్బులకు తోడు చిట్టీ ఎత్తి, రాజస్థాన్ నుంచి మార్వాడీ జాతి మగ గుర్రాన్ని తెప్పించారు. నిజంగా చూడముచ్చటైన గుర్రమే. కానీ అది కొట్టమంతా వినపడేలా సకిలిస్తుంది, ఆడ గుర్రం కనపడితే ముందరి కాళ్లు లేపుతుంది. దాని పగ్గం పట్టుకోవలసింది ఎనిమిదో తరగతి పిల్ల. ఆ పిల్ల నా ముందు ధైర్యంగానే ఉంది. రాత్రిళ్లు నిద్రపోవడం లేదని తర్వాత వాళ్ల అమ్మ పక్కకు పిలిచి చెప్పింది, అదీ భర్తకు వినపడకుండా. పిల్లలు పాల్గొనే షోమన్‌షిప్‌లో విత్తులు తీయించని మగ గుర్రానికి క్వార్టర్ హార్స్ నిబంధనల్లో అసలు అనుమతే లేదు. ఆ ఒక్క ముక్క కొనక ముందు ఎవరైనా చెప్పి ఉంటే చిట్టీ మిగిలేది. చివరికి కొన్న ధరలో సగం కూడా రాకుండా అమ్ముకున్నారు. పిల్ల మాత్రం మా ముసలి ఆడ గుర్రంతో మళ్లీ మొదలుపెట్టింది, ఇప్పుడు బాగా చేస్తోంది.

దేవరకద్ర వైపు నుంచి వచ్చే ఇంకో పిల్లవాడిది పెళ్లి బరాత్ గుర్రాలు తోలే ఇల్లు. వాళ్ల ఆడ గుర్రం ఎముకల గూడులా వచ్చింది. వాళ్ల నాన్న సిగ్గుపడుతూ, "మాది గిట్ల నడుస్తదా సార్?" అని అడిగాడు. ఎందుకు నడవదు! ముందు దంతాలు చూపించి, నులిపురుగుల మందు వేయించి, మేత సరిచేశాం. రోజూ ఖరారాతో (గుర్రం ఒళ్లు తోమే దువ్వెనతో) తోమితే నెలలు గడిచేసరికి నిగనిగలాడింది. బ్యాండు మేళాల మధ్య పెరిగిన గుర్రం కాబట్టి మైక్ శబ్దానికి చెవి కూడా కదపదు. ఒకటే ఇబ్బంది, డప్పు వినపడితే చిందు మొదలుపెడుతుంది. దాన్ని మాన్పించడానికి చాలా ఓపిక పట్టాల్సి వచ్చింది. మొదటి పోటీలో ఆ పిల్లవాడికి బహుమతి రాలేదు, జడ్జి గుర్రం చుట్టూ తిరిగి చూసే ఇన్‌స్పెక్షన్‌లో తప్పు వైపు నిలబడ్డాడు. కానీ మార్కుల కాగితంలో గుర్రం తయారీకి ఒక్క కోత కూడా లేదు. దాన్ని వాళ్ల నాన్న ఫోన్‌లో ఫోటో తీసుకుని దాచుకున్నాడు.

ఆ తప్పు వైపు సంగతి వివరంగా చెప్తాను, ఎందుకంటే మా పిల్లలు ఎక్కువ పోగొట్టుకునేది అక్కడే. చాలామంది దీన్ని ఒట్టి డ్రిల్లు అనుకుని బట్టీ పడతారు. జడ్జి కదలగానే గాభరాపడి అటూ ఇటూ గెంతుతారు. కారణం తెలిస్తే బట్టీ అక్కర్లేదు. గుర్రానికి మూపు దగ్గర అడ్డంగా ఒక గీత, ముక్కు నుంచి తోక దాకా పొడవునా ఒక గీత ఉన్నట్టు ఊహించుకోండి. నాలుగు భాగాలు వస్తాయి. జడ్జి ముందు సగంలో ఉంటే మీరు రెండో పక్కన ఉండాలి, లేకపోతే ఆయన చూపుకు అడ్డం వస్తారు. జడ్జి వెనక సగంలోకి వెళ్తే ఆయన ఏ పక్క ఉంటే మీరూ ఆ పక్కకే రావాలి. ఎందుకంటే గుర్రం ఉలిక్కిపడి తన్నబోతే, తలను మీ వైపు లాగగానే దాని వెనక భాగం అవతలి పక్కకు తిరుగుతుంది, జడ్జి దెబ్బ తప్పించుకుంటాడు. ఇది మనిషిని కాపాడే నియమం. పిల్లలకు ఇలా చెప్పి, నేనే జడ్జిలా చుట్టూ తిరుగుతూ సాధన చేయిస్తాను. ఒకసారి తలకెక్కితే మళ్లీ మరిచిపోరు.

అపోహ: ఎదురుగా నిలబడి కళ్లలోకి చూస్తే గుర్రం మాట వింటుంది. వాస్తవం: సరిగ్గా నుదుటి ముందు ఉన్నది గుర్రానికి కనపడదు, తోక వెనకాల కూడా అంతే. కనపడని చోట నిలబడితే బెదురుతుంది, పైకి దూకితే మీ మీదే పడుతుంది. పోటీలో అది పెద్ద తప్పు కిందే లెక్క.

పగ్గం సంగతి ఇంకా ముఖ్యం. ఎడ్ల పలుపు మణికట్టుకు చుట్టుకునే అలవాటు మన ఇళ్లలో పిల్లలకు చిన్నప్పుడే వస్తుంది. గట్టిపట్టు దొరుకుతుందని చుట్టుకుంటారు. దయచేసి మాన్పించండి. గుర్రం ఒక్కసారి బెదిరి లాగితే వేళ్లు తెగుతాయి, మనిషి ఈడ్చుకుపోతాడు. మిగిలిన పగ్గం ఎడమ చేతిలో వదులుగా మడతలు పడి ఉండాలి, కుడిచేయి హాల్టర్‌కు (గుర్రం తలకు తొడిగే పట్టీకి) కాస్త కింద ఉండాలి. హాల్టర్‌కు చెయిన్ ఉంటే దాన్ని చేత్తో పట్టుకోకూడదు.

భయపడే పిల్లలు పనికిరారని ఎవరో చెప్పారట, ఆ మాట పట్టుకుని తల్లిదండ్రులు కుమిలిపోతారు. అదేం కాదు. భయపడే పిల్ల గుర్రం చెవులు ఎటు తిరిగాయో, తోక ఎలా ఊగుతోందో గమనిస్తుంది. షోమన్‌షిప్‌కు కావలసిన గుణం అదే. అలాంటివాళ్లకు నేను మొదట్లో నడిపించడం నేర్పను. ఒళ్లు తోమడం, గిట్టల్లో మట్టి తీయడం, నీళ్లు పెట్టడం, అంతే. గుర్రం ఊపిరికి తమ ఊపిరి కలిసేదాకా ఆగుతాను. తొందరపెట్టి ఏడిపించకండి, పోటీ మళ్లీ వస్తుంది.

మిగతావి త్వరగా చెప్తాను. సుడులు చూసి అదృష్టం చెప్పేవాళ్ల మాటకు మార్కుల కాగితంలో చోటు లేదు. పోటీ రోజు ఒంటికి నూనె పూస్తే మెరుస్తుందంటారు, పాలమూరు ఎండకు, దుమ్ముకు అది గంటలో బురద పూతవుతుంది. ఇది మలక్‌పేట రేసుల్లాంటిదా, పందేలు ఉంటాయా అని అడుగుతారు. దానికీ దీనికీ సంబంధమే లేదు. స్పోర్ట్స్ కోటా సీటు ఖాయమని చెప్పి ఫీజు గుంజేవాళ్లను మాత్రం నమ్మకండి. అంతర్జాతీయ గుర్రపు క్రీడల సమాఖ్య జాబితాలో జంపింగ్, డ్రెస్సాజ్, ఈవెంటింగ్, ఎండ్యూరెన్స్ లాంటివి ఉన్నాయి, షోమన్‌షిప్ లేదు. కోటా కోసమే అయితే డబ్బు కట్టక ముందు ప్రభుత్వ జాబితా మీరే చూసుకోండి.

ఒకదాని దగ్గర మాత్రం ఆగాలి. బలం కోసమని పోటీకి ముందు ఉలవలు, బెల్లం, శనగలు కుమ్మరిస్తున్నారు. గుర్రం వాంతి చేసుకోలేదు. ఉన్నట్టుండి గింజలు ఎక్కువ పెడితే కడుపునొప్పి వస్తుంది, గిట్టల్లో వాపు వస్తుంది, ప్రాణం కూడా పోతుంది. గడ్డి, జొన్న చొప్ప దాని అసలు తిండి. గింజలు పెంచాలంటే రోజురోజుకూ కొంచెంగా పెంచాలి. బూజు పట్టిన పల్లికట్టె ఎంత చవకగా దొరికినా వద్దు. గుర్రం మాటిమాటికీ పొర్లుతూ, కడుపు వైపు తిరిగి చూస్తుంటే ఇంటి వైద్యాలు ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి.

చివరగా, టీకా వేయించాం కదా అని గ్లాండర్స్ అనే గుర్రాల అంటురోగానికి రక్తపరీక్ష మానేసేవాళ్లకు ఒక మాట. ధనుర్వాతానికి టీకా ఉంది, గ్లాండర్స్‌కు లేదు. గ్లాండర్స్ మనుషులకూ అంటుతుంది, గుర్రానికి తేలితే చంపేయాల్సిందే. పశువైద్యుడు తీసిన రక్త నమూనాను పరీక్షించే వ్యవస్థకు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం పెద్ద దిక్కు. రిపోర్టు వెంటనే రాదు కాబట్టి పోటీ తేదీ తెలియగానే రక్తం ఇప్పించండి. రిపోర్టు చేతికి రాకుండా గుర్రాన్ని లారీ ఎక్కించకండి.