ద్రాక్షతోటల దాకా రాని చట్టం

అమెరికాలో కార్మిక హక్కుల గురించి ఎవరు చెప్పినా 1935 ప్రస్తావన లేకుండా ఉండదు. న్యూయార్క్ సెనేటర్ రాబర్ట్ వాగ్నర్ తెచ్చిన బిల్లుపై ఆ జులైలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేశాడు. యూనియన్‌లో చేరారని పనిలోంచి తీసేయడం చట్టవిరుద్ధమైంది, యజమాని యూనియన్‌తో కూర్చుని మాట్లాడక తప్పలేదు. కానీ ఈ చట్టం వ్యవసాయ కూలీలకు, ఇళ్లలో పనిచేసేవాళ్లకు వర్తించదని అందులోనే రాసేశారు. దక్షిణాది రాష్ట్రాల్లో ఆ పనులు ఎక్కువగా చేసేది నల్లజాతివాళ్లు. అక్కడి సభ్యుల మద్దతు లేకుండా రూజ్‌వెల్ట్ బిల్లులు గట్టెక్కడం కష్టం. ఈ రెండింటికీ సంబంధం లేదంటే నాకైతే నమ్మబుద్ధి కాదు. 1938లో గంటకు 25 సెంట్ల కనీస వేతనం పెట్టినప్పుడూ పొలం కూలీలకు మొండిచెయ్యే.

కాలిఫోర్నియాలో లెట్యూస్ అనే సలాడ్ ఆకుకూర మొక్కలు పలచన చేయడానికి, కలుపు తీయడానికి పొట్టి పిడి పార ఇచ్చేవారు. దాంతో రోజంతా నడుం వంచే ఉండాలి. మేస్త్రీకి మాత్రం భలే సుఖం. గట్టు మీద నుంచి చూస్తే చాలు, ఎవరు నిటారుగా నిలబడితే వాళ్లు పని ఆపినట్టే. 1975 దాకా ఆ పార పోలేదు.

1965 సెప్టెంబరులో అదే కాలిఫోర్నియాలోని డెలానో ద్రాక్షతోటల్లో మొదట పని మానేసింది ఫిలిప్పీన్స్ కూలీలు. నాయకుడు లారీ ఇట్లియాంగ్. గంటకు డాలరు 40 సెంట్లు ఇమ్మన్నారు. వారం దాటగానే సీజర్ చావెజ్, డొలోరెస్ వెర్టాల సంఘం సమ్మెకు 'సై' అనేసింది. అందులో ఎక్కువమంది మెక్సికన్ మూలాలవాళ్లు. తర్వాత పేరంతా చావెజ్‌కే వచ్చిందనుకోండి.

ఇక్కడే ఒక తమాషా జరిగింది. గొడవతో సంబంధం లేని వ్యాపారులపై యూనియన్లు ఒత్తిడి తేకుండా 1947లో చట్టం చేశారు. పొలం కూలీలు అసలు చట్టంలోనే లేరు కాబట్టి ఆ ఆంక్షా వాళ్లకు తగల్లేదు. ఊరూరా దుకాణాల ముందు నిలబడి ద్రాక్ష కొనొద్దన్నారు. 1970 జులైలో డెలానో యజమానులు దిగొచ్చి ఒప్పందాలు చేసుకున్నారు.

1975లో కాలిఫోర్నియా సొంత చట్టం చేసి పొలం కూలీలకు యూనియన్ హక్కు ఇచ్చింది. ఫెడరల్ చట్టంలో మాత్రం 1935 నాటి మినహాయింపు నేటికీ అలాగే ఉంది. వాగ్నర్ సొంత రాష్ట్రం న్యూయార్క్ 2019 దాకా ఆగింది. అదీ యూనియన్ పెట్టుకోవచ్చు, సమ్మె మాత్రం చేయకూడదన్న షరతుతో.