నలభై దాటాక వీణ: అపోహలు - వాస్తవాలు

నా దగ్గర వీణ నేర్చుకునేవాళ్లలో పిల్లల కంటే నలభై, యాభై దాటినవాళ్లే ఎక్కువ. మొదటి రోజు దాదాపు అందరూ గుమ్మంలోనే అడుగుతారు: "ఈ వయసులో వస్తుందంటారా అండీ?" వస్తుంది. రాదనిపించడానికి కారణాలు ఇవి.

అపోహ: వేళ్లు తిరగవు.

వాస్తవం: పిల్లలకు తిరిగినంత త్వరగా తిరగవు, నిజమే. కానీ మొట్టమొదటి పాఠాలైన సరళీ స్వరాల్లో, మొదటి కాలంలో (అంటే అన్నిటికంటే నెమ్మది వేగంలో) ఆదితాళం ఎనిమిది అక్షరాలకు, అంటే ఎనిమిది దెబ్బలకు, ఎనిమిదే స్వరాలు. తొందర లేదు. మూడో కాలం ఆర్నెల్ల తర్వాత వచ్చినా ఏమీ కాదు. మొదట్లో ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు మండుతాయి. కాస్త కొబ్బరినూనె రాసుకుని పది నిమిషాలు వాయించి ఆపేయండి. కొన్నాళ్లకు అక్కడ చర్మం గట్టిపడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు మాత్రం వేళ్లు కోసుకుపోకుండా చూసుకోవాలి. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చుని, వీణను బల్ల మీద పెట్టుకోవచ్చు. అది అపచారం కాదు.

అపోహ: చిన్నప్పుడు నేర్చుకోకపోతే స్వరజ్ఞానం రాదు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. యాభై ఏళ్లుగా విన్న లాలిపాటలు, మంగళహారతులు, పెళ్లిపాటలు ఎక్కడికి పోతాయి? పదేళ్ల పిల్లకు ఆనందభైరవి కొత్త రాగం. మీకు కాదు, పేరు తెలియదంతే.

ఒకావిడ ఉద్యోగం నుంచి రిటైరై నా దగ్గర చేరారు. ఒక సాయంత్రం ఆనందభైరవిలో రిషభం (రి) మెట్టు మీద, అంటే తీగ కింద ఉండే అడ్డకడ్డీ మీద, తీగ లాగి గాంధారం (గ) పలికిస్తున్నారు. పది పన్నెండుసార్లు అపశ్రుతే వచ్చింది. ఆ తర్వాతి సారి సరిగ్గా పలికింది. ఆవిడ చెయ్యి తీసేసి, "ఇది మా అమ్మమ్మ లాలి పాడేటప్పుడు వచ్చేదండీ" అన్నారు. కళ్లలో నీళ్లు. ఆ గాంధారం ఎంత ఎత్తులో ఉండాలో నేను చెప్పలేదు, ఆవిడ చెవికే తెలుసు. పిల్లలకు ఆ చెవి తయారు కావడానికే ఏళ్లు పడుతుంది.

అపోహ: ముందే ఖరీదైన వీణ కొనాలి.

వాస్తవం: వద్దు. బంధువుల ఇంట్లో అటక మీద ఉన్నది అడగండి. 24 మెట్లూ మైనంలో గట్టిగా నిలబడి ఉన్నాయో లేదో చూడండి. మైనం పగిలి మెట్టు కదిలితే స్వరం తప్పుతుంది. దాన్ని బాగుచేసేవాళ్లు ఉన్నారు. ఏడాది వాయించాక, బొబ్బిలి వీణ కావాలనిపిస్తే అప్పుడు చూసుకోవచ్చు.

అపోహ: గంటలకొద్దీ సాధన చేయాలి.

వాస్తవం: రోజూ ఇరవై నిమిషాలు. ఆదివారం మూడు గంటల కంటే ఇదే పనిచేస్తుంది.

అపోహ: కచేరీ చేయలేనప్పుడు ఎందుకు?

వాస్తవం: త్యాగయ్య దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు రాసింది భజనలో నలుగురూ కలిసి పాడుకోవడానికి. వాటిలో చాలావాటికి వరుస (బాణీ) తేలిక, ఒకే వరుసలో చరణాలన్నీ సాగుతాయి. సరళీ స్వరాల వంటి పాఠాల తర్వాత నేర్చుకునే చిన్న పాటలు, అంటే గీతాలు, పూర్తయినవాళ్లకు నేను ముందు అవే నేర్పుతాను.

శనివారం సాయంత్రాలు మా ఇంట్లో మూడు వీణలు, ఆరేడుగురు మనుషులు. ఎవరో ఒకరు స్వరం తప్పుతారు. పక్కవాళ్లు పల్లవి దగ్గర ఆగి, వాళ్లు వచ్చి కలిసేదాకా అదే వాయిస్తూ ఉంటారు.