ఏసీలో గ్యాస్ ‘అయిపోదు’: చల్లగాలి రాకపోతే ముందు చూడాల్సినవి

మార్చి దాటి ఎండ ముదిరిందంటే చాలు, నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఏసీ మెకానిక్కులకు వచ్చే ఫోన్లు దాదాపు ఒకే పాట పాడతాయి. "అన్నా, గాలి వస్తా ఉంది గానీ చల్లదనం లేదు. గ్యాస్ అయిపోయినట్టుంది, వచ్చేటప్పుడు సిలిండర్ తెచ్చుకో." రోగం ఏందో చూడకముందే మందు ఫోన్లోనే ఖాయమైపోతుంది. అవతల వచ్చేవాడు కూడా ఆ మాటనే పట్టుకుంటే ఇంక చెప్పేదేముంది? గేజ్ (ఒత్తిడి చూపే మీటర్) తగిలించడం, గ్యాస్ కొట్టడం, డబ్బు తీసుకోవడం. నిజంగా పోయింది ఒక కెపాసిటరో (మోటారు తిరగడానికి ఊతమిచ్చే చిన్న డబ్బా), మట్టి పట్టిన ఫిల్టరో అయినా సరే.

ఇంట్లో పసిబిడ్డో, మంచాన పడ్డ పెద్దాయనో ఉంటే ఎవరైనా కంగారు పడతారు, అడిగినంత ఇచ్చేస్తారు. అందులో వాళ్ళ తప్పేం లేదు. కాకపోతే ఆ కంగారు మీదే ఏటా డబ్బు పోతా ఉంది. అందుకే ఈ ఒక్క అపోహ గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాం.

అపోహ: వాడేకొద్దీ గ్యాస్ అయిపోతుంది, రెండేళ్ళకోసారి కొట్టించాలి

వంటగ్యాస్ మండిపోతుంది కాబట్టి అయిపోతుంది. ఏసీలో గ్యాస్ ఎక్కడా ఖర్చు కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కిస్తుంది. బయటి కాయిల్‌లో అది వేడి వదిలి ద్రవమవుతుంది. సన్నటి క్యాపిలరీ గొట్టం గుండానో, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ గుండానో పోయేసరికి ఒత్తిడి పడిపోయి చల్లబడుతుంది. లోపలి కాయిల్‌లో గది వేడి పీల్చుకుని ఆవిరై మళ్ళీ కంప్రెసర్‌కి చేరుతుంది. ఆ చుట్టు తిరుగుడే తప్ప బయటికి పోయే దారి లేదు. మీ ఇంట్లో పదిహేనేళ్ళ ఫ్రిజ్ ఉంటే దానికి ఎన్నిసార్లు గ్యాస్ కొట్టించారు? సూత్రం రెండింటిదీ ఒకటే.

తేడా ఎక్కడంటే, ఫ్రిజ్ జాయింట్లన్నీ ఫ్యాక్టరీలోనే బ్రేజింగ్ (మంటతో లోహం కరిగించి అతకడం) అయిపోతాయి. స్ప్లిట్ ఏసీకి మాత్రం మీ గోడ దగ్గర బిగించే ఫ్లేర్ జాయింట్లు (రాగి పైపు చివర వెడల్పు చేసి నట్టుతో బిగించేవి) నాలుగుంటాయి, లోపల రెండు, బయట రెండు. గ్యాస్ నిజంగా తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే లెక్క, ఎక్కువసార్లు అనుమానం ఈ నాలుగింటి మీదకే పోవాలి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా బయటికొస్తుంది. అందుకే కారే నట్టు చుట్టూ జిడ్డు, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి వలయం కనపడుతుంది. దాన్ని చూడకుండా పైన గ్యాస్ కొడితే చిల్లి కుండలో నీళ్ళు పోసినట్టే. నెలో రెండు నెలలో చల్లగా ఉంటుంది, మళ్ళీ మొదటికే.

అపోహ: చల్లగా రాలేదంటే కారణం గ్యాసే

గ్యాస్ మాటెత్తే ముందు చూడాల్సినవి ఇవీ, ఈ వరసలోనే.

మొదట రిమోట్. మోడ్‌లో మంచు పువ్వు గుర్తు ఉందా, ఫ్యాన్ గుర్తు ఉందా? పిల్లల చేతిలో రిమోట్ ఫ్యాన్ మోడ్‌లోకో డ్రై మోడ్‌లోకో పోయి ఉంటుంది. హాట్ అండ్ కోల్డ్ మోడల్ అయితే సూర్యుడి గుర్తులో కూడా ఉండొచ్చు. కూల్ మోడ్‌లో 24 పెట్టి, 5 నిమిషాలు ఆగండి. కరెంటు పోయి వచ్చినా, ఆపి వేసినా కంప్రెసర్ దాదాపు 3 నిమిషాలు ఆలస్యంగానే మొదలవుతుంది. అది జబ్బు కాదు, కంప్రెసర్‌ని కాపాడే ఏర్పాటు.

తర్వాత ఫిల్టర్. ముందు మూత ఎత్తితే వచ్చే వల అదే. వెలుతురుకి అడ్డం పెడితే అవతల కనపడాలి. కనపడకపోతే కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టండి. వేసవిలో రెండు వారాలకోసారి కడగాలి. గాలి ఆడకపోతే కాయిల్ మీద తేమ గడ్డకట్టి మంచవుతుంది. మంచు కట్టిన కాయిల్ గుండా గాలి ఇంకా ఆడదు, అలా ముదిరి చివరికి వెచ్చటి గాలి సన్నగా వస్తుంది, కింద నీళ్ళు కారతాయి. అలా అయితే కూల్ ఆపి, ఉత్త ఫ్యాన్ మోడ్‌లో గంట రెండు గంటలు నడిపి మంచు కరిగించండి. చాకుతో, స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు. కాయిల్‌కి చిల్లి పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది.

ఇప్పుడు బయటి యూనిట్ దగ్గరికి పోండి. ఫ్యాన్ తిరుగుతోందా? కంప్రెసర్ గుయ్‌మనే మోత ఉందా? మామూలు ఏసీలో, అంటే ఇన్వర్టర్ (కంప్రెసర్ వేగం మారే రకం) కానిదాంట్లో, ఫ్యాన్ తిరుగుతా ఉండి కంప్రెసర్ మాత్రం కొద్ది సెకన్లు మూలిగి టక్కున ఆగిపోతుంటే మొదటి అనుమానం కెపాసిటర్ మీద. ఒకటిన్నర టన్నుకి సాధారణంగా 35 నుంచి 50 మైక్రోఫ్యారడ్ల కెపాసిటర్ ఉంటుంది, విలువ దాని మీదే రాసి ఉంటుంది. తల ఉబ్బి ఉన్నా, మీటర్‌లో రాసిన విలువకంటే బాగా తక్కువ చూపినా మార్చాలి. వందల్లో అయిపోయే పని ఇది. దీన్నే వేలల్లో గ్యాస్‌గా అంటగట్టే వాళ్ళున్నారు. మీరు మాత్రం మూత విప్పొద్దు. ఎంసీబీ (ఏసీ బ్రేకర్ స్విచ్) దించినాక కూడా కెపాసిటర్‌లో కరెంటు నిలవుంటుంది, దాన్ని డిస్‌చార్జ్ చేయడం తెలిసినవాడే ముట్టుకోవాలి.

కంప్రెసర్ నడుస్తా ఉండి ఫ్యాన్ ఆగి ఉంటే వెంటనే ఏసీ ఆపేయండి. కాసేపు చల్లగా, కాసేపు వెచ్చగా వస్తుందంటే అదే కావచ్చు. వేడెక్కి ట్రిప్ అవుతుంది, చల్లారి మళ్ళీ మొదలవుతుంది. అలాగే వదిలేస్తే కంప్రెసరే పోతుంది.

ఇన్వర్టర్ ఏసీ అయితే కంప్రెసర్‌కి ఈ కెపాసిటర్ గొడవ లేదు, పీసీబీ (ఎలక్ట్రానిక్ బోర్డు) నడిపిస్తుంది. తెర మీద ఏదో అక్షరం, అంకె మెరుస్తుంది. అది ఫోటో తీసి మెకానిక్‌కి పంపితే సగం పని అయినట్టే. మన దగ్గర పీసీబీలకి పెద్ద శత్రువు బల్లి. వెచ్చగా ఉంటుందని దూరి, రెండు టెర్మినళ్ళ మధ్య అడ్డం పడి చస్తుంది, బోర్డుని తీసుకుపోతుంది. చీమలు కూడా తక్కువేం కాదు. వైర్లు పోయే రంధ్రాలు మూయించడం చిన్న పని, ఎవరూ చేయించరు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు పైపులు. ఏసీ 15 నిమిషాలు నడిచాక బయటి యూనిట్ పక్కన రెండు పైపులు చూడండి, ఒకటి లావు, ఒకటి సన్నం. లావు పైపు చల్లగా ఉండి చెమట పడుతుంటే సంతోషం, గ్యాస్ దాదాపు సరిగ్గానే ఉంది. సన్న పైపు నట్టు దగ్గర తెల్లగా మంచు కట్టి, లావుది మాత్రం పొడిగా, వెచ్చగా ఉంటే గ్యాస్ తగ్గిందని అనుమానించొచ్చు. లైన్లో ఎక్కడన్నా అడ్డు పడినా ఇలాగే కనపడుతుంది, అది తేల్చేది మెకానిక్కే. అదే మంచు లావు పైపు మీదకి కూడా పాకి ఉంటే అది గాలి ఆడని జబ్బు, ఫిల్టర్, లోపలి కాయిల్, లేదా లోపలి ఫ్యాన్. రెండు పైపులూ బయటి ఎండ వేడితోనే ఉన్నాయంటే కంప్రెసర్ అసలు పని చేయడం లేదు, లేదా గ్యాస్ మొత్తం కారిపోయింది. ఈ ఒక్క పరీక్ష తెలిసినవాళ్ళకి అబద్ధం చెప్పి గ్యాస్ కొట్టడం కష్టం.

థర్మామీటర్ ఉంటే (జ్వరం చూసేది కాదు, గాలి వేడి చూపేది) ఏసీ పైన లోపలికి పోయే గాలి, కింద బయటికి వచ్చే గాలి చూడండి. 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే యంత్రం తన పని తను చేస్తున్నట్టే. ఉక్కపోత రోజుల్లో ఈ తేడా కొంచెం తగ్గుతుంది. అప్పుడు ఏసీ శక్తి చాలా భాగం తేమని నీళ్ళు చేయడానికే పోతుంది. డ్రెయిన్ పైపు నుంచి నీళ్ళు ఆగకుండా పడుతుంటే కంగారు అక్కర్లేదు.

అపోహ: గ్యాస్ కొట్టడం అరగంట పని

నిజంగా కారిందనే తేలితే పని ఇలా ఉండాలి. మిగిలిన గ్యాస్‌ని ముందు రికవరీ సిలిండర్‌లోకి తీసేయాలి. కొత్త ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్32 మంట అంటుకునే రకం, అది లోపల ఉండగా బ్రేజింగ్ టార్చ్ వెలిగించకూడదు. తర్వాత రెగ్యులేటర్ పెట్టి నైట్రోజన్ ఎక్కించి, 350-400 పీఎస్ఐ దగ్గర కనీసం అరగంట, వీలైతే గంట నిలపాలి. గేజ్ ముల్లు దిగితే సబ్బు నురగతో ప్రతి జాయింటూ వెతకాలి. నైట్రోజన్ లేదని ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తే మాత్రం ఆ మనిషిని అక్కడే ఆపండి. కంప్రెసర్ నూనెతో ఆక్సిజన్ కలిస్తే పేలుతుంది.

నట్టు దగ్గర కారుతుంటే బలం కొద్దీ బిగించడం మందు కాదు. ఫ్లేర్ పగిలుంటే ఆ చివర కోసి, కొత్తగా ఫ్లేర్ కొట్టాలి. పావు అంగుళం నట్టుకి సుమారు 14-18 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. టెఫ్లాన్ టేప్ చుట్టేవాళ్ళున్నారు. ఫ్లేర్ నిలిచేది రాగి ఇత్తడికి ఒత్తుకుని కూర్చోవడం వల్ల, టేపు మధ్యలో దూరితే అది కూర్చోదు.

లీకు మూశాక లోపలి గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపు 20-30 నిమిషాలు, 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలత) దాకా. లోపల తేమ మిగిలితే నూనెతో కలిసి ఆమ్లమై కంప్రెసర్ వైండింగ్‌ని తినేస్తుంది. కొంచెం గ్యాస్ వదిలి గాలి తోలేస్తే సరిపోతుందనేది బద్ధకం మాట. చివరికి గ్యాస్, తూకం వేసి. బయటి యూనిట్ స్టిక్కర్ మీద ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని స్పష్టంగా రాసి ఉంటుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ వేగం మారే కొద్దీ గేజ్ ముల్లు కూడా మారుతుంది, కాబట్టి ముల్లు చూసి కొట్టడం ఊహే. పాత ఏసీల్లో ఉండే ఆర్22 దానికి ఆర్32 ఎక్కించడం అసలే కుదరదు. ఒత్తిడి వేరు, నూనె వేరు. ఇంత పనికి రెండు మూడు గంటలు పడుతుంది. అరగంటలో ముగిసిందంటే నైట్రోజనో, వాక్యూమో, తూకమో ఎగిరిపోయినట్టే. పైపు ఊడదీసేముందు "అన్నా, త్రాసు తెచ్చావా?" అని అడగండి, మొహంలో రంగు మారుతుందో లేదో చూడండి.

సముద్రం దిక్కు ఊళ్ళకి, మైపాడు, తుమ్మలపెంట, కొత్తపట్నం వైపు, ఇంకో మాట. ఉప్పుగాలికి రాగి గొట్టం, అల్యూమినియం రేకులు కలిసే చోట తుప్పు పుట్టి రేకులు వేలితో ముడితే పొడి అయిపోతాయి. నెలకోసారి మంచినీళ్ళతో బయటి కాయిల్‌ని మెల్లగా కడగండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో కడగడం మేలు కాదు కీడే. కాయిల్ ఒకటికి మించి చోట్ల కారుతుంటే అతుకుల మీద డబ్బు పెట్టొద్దు, కాయిల్ మార్చండి.

లోపలి ఊళ్ళలో ఉప్పు బదులు దుమ్ము. బుచ్చి, కోవూరు వైపు వరికోతలప్పుడు పొల్లు, చీమకుర్తి చుట్టుపక్కల రాతిపొడి కాయిల్ వెనక దుప్పటిలా పేరుకుంటాయి. ముందువైపు శుభ్రంగా కనపడుతుంది, వెనక్కి పోయి చూస్తే గానీ తెలియదు. రాత్రి బాగా చల్లబడి, మధ్యాహ్నం మాత్రం చేతులెత్తేస్తే చాలామటుకు ఇదే.

మిగతావి గబగబా

16 పెడితే త్వరగా చల్లబడదు. మామూలు ఏసీ కంప్రెసర్‌కి ఒకటే వేగం, 16 అన్నా 24 అన్నా తిరిగేది అంతే, 16కి ఆగకుండా తిరుగుతుంది.

బయటి యూనిట్ మీద తడి గోనెసంచి కప్పమని రీళ్ళలో చెప్తున్నారు. గాలి ఆడే చోట గోనె కప్పితే కంప్రెసర్‌కి ఊపిరాడదు. నీడ కావాలంటే పైన రేకు వేయండి, చుట్టూ, ముఖ్యంగా ముందు ఖాళీ ఉంచండి.

సాయంత్రం మాత్రమే మొరాయిస్తుంటే వోల్టేజ్ చూపించండి. సన్నటి వైరు మీద నడుస్తుంటే అదీ కారణమే, ఒకటిన్నర టన్నుకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, విడి ఎంసీబీ ఉండాలి.

ఏసీలో వచ్చే ముక్కిన వాసన గ్యాస్ వాసన కాదు. కాయిల్ మీద, డ్రెయిన్ ట్రేలో పట్టిన పాచిది. కడిగితే పోతుంది.

రోహిణి కార్తెలో పైమిద్దె గది మధ్యాహ్నం 27 దాటి దిగకపోతే ఏసీ చెడిపోయిందని కాదు. యంత్రం మీద రాసే సామర్థ్యం బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. బయట 43 ఉంటే అంత ఇవ్వలేదు, పైగా పొద్దుటినుంచి కాగిన స్లాబు రాత్రి పది దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఆ గదికి గ్యాస్ కొట్టించే డబ్బుతో మిద్దె మీద తెల్ల కూలింగ్ పెయింట్ వేయించండి, తేడా మీకే తెలుస్తుంది.