ఓరుగల్లులో అక్షరాలెన్ని?

హనుమకొండలో పదో తరగతి చదివే మా అక్క కూతురు మొన్న తెలుగు వాచకం ముందేసుకుని అడిగింది: "మామా, ఏఐ గింత పని చేస్తుంటే గురులఘువులు మేం చేత్తో ఎందుకు పెట్టాలె?"

మంచి ప్రశ్న. పద్యాల ఛందస్సులో ఎక్కువసేపు పలికే అక్షరం గురువు, తక్కువసేపు పలికేది లఘువు. ఏది గురువో ఏది లఘువో తేల్చడానికి పక్కా నియమాలున్నాయి. నియమాలున్న ఏ పనికైనా ప్రోగ్రాం రాయొచ్చు. ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒక కోడింగ్ అసిస్టెంట్‌ను తెలుగులోనే అడిగాం. పదం ఇస్తే గురులఘువులు గుర్తించే చిన్న పైథాన్ స్క్రిప్ట్ కావాలన్నాం. చాయ్ చల్లారకముందే కోడ్ వచ్చేసింది. మొదటి పరీక్షకు మన ఊరి పేరే ఇచ్చాం: ఓరుగల్లు.

ఎనిమిది అక్షరాలున్నాయంది!

పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టింది. ఓ, రు, గ, ల్లు. నాలుగే కదా? మరి ఆ ఎనిమిది ఎక్కడివి? నాకు తెగ నచ్చిన సంగతి ఇక్కడే ఉంది. కంప్యూటర్ లోపల 'ల్లు' అనే అక్షరం లేదు. ప్రతి లిపి గుర్తుకూ ఒక అంకె ఇచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 గళ్లు కేటాయించారు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు అన్నీ అందులోనే సర్దుకోవాలి. వత్తులకు మాత్రం విడిగా గళ్లు లేవు. అందుకే 'ల్లు' అంటే వరుసగా నాలుగు అంకెలు: 3122, 3149, 3122, 3137. అంటే ల, పొల్లు, మళ్లీ ల, కొమ్ము. పొల్లు తర్వాత హల్లు వస్తే రెండో దాన్ని కిందకు దించి వత్తుగా గీయడం ఫాంట్ చేసే పని. ఓకు ఒకటి, రుకు రెండు, గకు ఒకటి, ల్లుకు నాలుగు, మొత్తం ఎనిమిది. ఇంగ్లీషులో మామూలుగా ఒక అక్షరానికి ఒకే అంకె కాబట్టి అంకెలు లెక్కపెడితే సరిపోతుంది. అసిస్టెంట్ అదే పద్ధతిని మన పదం మీద వాడింది.

"అంకెలు కాదు, అక్షరాలు లెక్కపెట్టు" అన్నాం. ఈసారి గుర్తులను హల్లుతో కలిపి గుంపు చేసే లైబ్రరీని, అంటే ముందే రాసి పెట్టిన కోడ్‌ను, తెచ్చింది. జవాబు ఐదు! ఆ లైబ్రరీ పాతది. పాత యూనికోడ్ నియమం పొల్లు దగ్గర గుంపును తెంపేస్తుంది కాబట్టి ల్, లు విడిపోయాయి. తెలుగు, దేవనాగరి వంటి లిపుల్లో పొల్లు తర్వాతి హల్లును కూడా అదే గుంపులో ఉంచే నియమం 2023లో, 15.1 కూర్పులో వచ్చింది. దాని ప్రకారం నడిపిస్తే అప్పుడు నాలుగు.

పేరులోని అక్షరాల సంఖ్యకు అదృష్టాన్ని ముడిపెట్టి స్పెల్లింగులు మార్పించేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. పిల్లకు ఆ సంగతి కూడా చెప్పాను. ఒకే పేరు, ఎలా లెక్కపెడితే అన్ని. అందులో జాతకం ఏముంటుంది?

నాలుగు వచ్చిందని నేను సంతోషిస్తుంటే తను 'వరంగల్' టైప్ చేసింది. వ, రం, గ, ల్ అని మళ్లీ నాలుగే చూపించింది. యూనికోడ్ లెక్కకు అది సరైనదే, ఛందస్సు లెక్కకు తప్పు. "చివరి పొల్లు ఒక్కటే నిలబడదు మామా, ముందు అక్షరంతో కలుస్తది. గల్ గురువు" అంది. నిజమే. వ లఘువు, రం గురువు, గల్ గురువు. మూడే అక్షరాలు. ఈ వరుసనే యగణం అంటారు. ఈ నియమం ఏ లైబ్రరీలోనూ మాకు దొరకలేదు, తన నోట్‌బుక్కులో ఉంది.

అక్కడి నుంచి పని తీరే మారింది. "తప్పు వచ్చింది" అని ఊరికే అంటే అసిస్టెంట్ ఇంకేదో మార్చేది. తను నోట్‌బుక్కు తీసి, పది పదాలు రాసి, ప్రతి పదం పక్కన రావాల్సిన జవాబు చేత్తో పెట్టింది. దీర్ఘానికి ఒకటి, సున్నకు ఒకటి, వత్తుకు ముందున్న అక్షరానికి ఒకటి, విసర్గకు 'దుఃఖం', చివరి పొల్లుకు 'వరంగల్'. పదీ సరిపోయేదాకా కోడ్ మార్చమన్నాం. మూడో విడతకు పదీ కుదిరాయి. పిల్లలకు ఛందస్సును మార్కుల కోసం బట్టీ పట్టిస్తున్నాం గానీ, ఇలా పరీక్షలు రాయిస్తే ఒక్కో నియమం ఎందుకుందో వాళ్లకే తెలుస్తుంది.

రాత్రి తొమ్మిదైంది. అక్క అన్నానికి పిలుస్తుంటే, ఇంకొక్కటి అని తను 'కాకతీయ' కొట్టింది. గురువు, లఘువు, గురువు, లఘువు. పైకి జరిపి ఓరుగల్లు చూసింది. గ పక్కన ల్లు ఉంది కాబట్టి గ గురువు. అక్కడా గురువు, లఘువు, గురువు, లఘువు. గురువు, లఘువు జంటే హగణం కాబట్టి రెండూ రెండేసి హగణాలు.

"మామా, రెండిటికీ ఒకటే నడక!" అని అరుస్తూ వంటింట్లోకి పరుగెత్తింది.