బీపీలో రెండు అంకెల మధ్య తేడా

విజయవాడ సత్యనారాయణపురంలో మా పెదనాన్నకు ఎప్పుడు బీపీ చూసినా పైది 170, కిందిది 70 వచ్చేది. "కింది బీపీ బాగానే ఉందిగా, పైది ఈ వయసులో మామూలే" అనుకుని ఊరుకున్నాం. మూడేళ్లకు ఆయన బీసెంట్ రోడ్డు నుంచి ఇంటికి దారి అడగడం మొదలుపెట్టారు. దాన్నీ చాదస్తం అనుకున్నాం. ఆ రెండు అంకెల మధ్య ఉన్న 100 తేడాను ఎవరం పట్టించుకోలేదు.

గుండె రక్తాన్ని ధారగా కాదు, విడతలుగా కొడుతుంది. దాన్నుంచి బయల్దేరే బృహద్ధమని ఆ దెబ్బకు సాగి, కొంత రక్తాన్ని నిలుపుకుని, గుండె మళ్లీ నిండేలోగా మెల్లగా ముందుకు తోస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ ఎంత ఉరవడిగా వచ్చినా బందరు కాలువకు, ఏలూరు కాలువకు అవసరమైనంతే వదులుతారు. అక్కడ తలుపులు ఎత్తడానికి, దించడానికి మనుషులున్నారు. ఇక్కడ రక్తనాళం గోడే ఆ పని చేస్తుంది. వయసు, బీపీ, షుగరు, సిగరెట్ల వల్ల ఆ గోడలోని ఎలాస్టిన్ అనే సాగే పోగులు తెగి, కొల్లాజెన్ అనే బిరుసైన ప్రోటీన్ పేరుకుంటుంది. అప్పుడు పై అంకె పెరుగుతుంది, కిందిది పడిపోతుంది. మామూలుగా 40 దగ్గర ఉండే తేడా పెద్దవాళ్లలో 60 దాటితే నాళాలు బిరుసెక్కాయనడానికి అదొక గుర్తు. మెడ నుంచి తొడ మొదలు దాకా నాడి అల, అంటే గుండె కొట్టిన దెబ్బకు నాళాల వెంట సాగే కదలిక, సెకనుకు 10 మీటర్లకు మించిన వేగంతో పరిగెడితే ఇంకా గట్టి గుర్తు.

మెదడు బరువు ఒంట్లో 2 శాతమే అయినా గుండె పంపే రక్తంలో సుమారు 15 శాతం దానికే వెళ్తుంది. అందుకే దాని నాళాలు ఎప్పుడూ తెరుచుకునే ఉంటాయి. బృహద్ధమని బిరుసెక్కితే అక్కడ అణగని దెబ్బ నేరుగా లోపలి సన్నటి నాళాలకు తగులుతుంది. డిమెన్షియా అంటే ఆలోచన, జ్ఞాపకం క్రమంగా దెబ్బతినే జబ్బు. అందులో రక్తనాళాలు చెడి వచ్చే రకమైన వాస్క్యులర్ డిమెన్షియాకు ఇదొక ముఖ్యమైన దారి. ఈ రకంలో చాలాసార్లు ముందు పోయేది జ్ఞాపకం కాదు, చురుకు. పెదనాన్న చిన్ననాటి కబుర్లన్నీ చెప్పేవారు, కిరాణా బిల్లు మాత్రం కూడలేకపోయేవారు. నడకా మందగించింది.

1906లో అలోయిస్ ఆల్జైమర్ అనే డాక్టరు వివరించిన, ఆయన పేరుతోనే పిలిచే ఆల్జైమర్ జబ్బులో మెదడులో అమైలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపే దారుల్లో రక్తనాళాల గోడలూ ఒకటి. అందుకే ఈ రెండు జబ్బుల్నీ వేర్వేరు గదుల్లో పెట్టడం నాకు సరిగా అనిపించదు. చాలామంది వృద్ధుల మెదళ్లలో రెండూ కలిసే కనిపిస్తాయి. డిమెన్షియాలోనే మరో రకమైన లూయీ బాడీ రకంలో కథ వేరు: లేచి నిలబడగానే బీపీ పడిపోయి తూలిపడతారు. అక్కడ బీపీ మాత్రల విషయంలో డాక్టరు చాలా జాగ్రత్తగా ఉండాలి. మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినే ఫ్రాంటోటెంపోరల్ రకంలో ప్రధాన పాత్ర ప్రోటీన్లది, జన్యువులది.

2019లో అమెరికాలో 9,000 మందికి పైగా పాల్గొన్న ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. పై బీపీని 140 లోపు కాకుండా 120 లోపు ఉంచినవాళ్లలో, డిమెన్షియాకు ముందు మెట్టు లాంటి స్వల్ప మతిమరుపు 19 శాతం తగ్గింది. డిమెన్షియా కూడా తగ్గిందని మాత్రం అది తేల్చలేకపోయింది. అయినా నాకు ఆ 19 చిన్నదిగా కనిపించదు.

పెదనాన్న కొడుక్కిప్పుడు 46. పోయిన వారం చూస్తే 148, 92. మాత్ర మొదలుపెట్టాడు. పెరుగన్నంలో ఆవకాయ నంజుకోవడం ఆదివారానికి పరిమితం చేశాడు. రోజూ బీపీ రాసుకునే పుస్తకంలో మూడో గడి గీసుకుని, అందులో తేడా రాస్తున్నాడు.